కాలనీ సంక్షేమ సంఘం

నగర శివారులో ఒక కాలనీలోనో, లేఅవుట్‌లోనో, నాలుగైదు వీధుల్లోనో ఉండేవాళ్లు తమ ఉమ్మడి స్థలాలనూ సేవలనూ చూసుకోవడానికి ఏర్పాటు చేసుకునే స్వచ్ఛంద సభ్యత్వ సంస్థ కాలనీ సంక్షేమ సంఘం. పార్కు, రోడ్డు, వీధి దీపాలు, మంచినీరు, డ్రైనేజీ, చెత్త సేకరణ, కాపలా, కమ్యూనిటీ హాలు దీని పనుల్లో ముఖ్యమైనవి. పదవుల్లో ఉన్నవాళ్లకు జీతం ఉండదు. వాచ్‌మన్, తోటమాలి, స్వీపర్ వంటి వారికి మాత్రం సభ్యుల చందాల నుంచి జీతాలు ఇస్తారు. తెలుగు రాష్ట్రాల్లో ఈ సంఘాలు హైదరాబాద్ శివారుల్లో అత్యధికంగా ఉన్నాయి. విశాఖపట్నం, విజయవాడ, గుంటూరు, వరంగల్, తిరుపతి వంటి నగరాల్లోనూ విస్తరించాయి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం హైదరాబాద్ అనుభవం ఆధారంగా సాగుతుంది.

పరిధి

కాలనీ సంఘం ప్రభుత్వంలో భాగం కాదు. వీధి శుభ్రత, నీరు, మురుగునీటి పారుదల, దీపాలు, పార్కులు చట్టప్రకారం పురపాలక సంస్థ, దాని అనుబంధ శాఖల బాధ్యత. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలు పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొంది. వాటిలో ఏ ఒక్కటీ కాలనీ సంఘానికి చెందదు. కాలనీలోని రోడ్డు మీద, పార్కు మీద దానికి యాజమాన్య హక్కు కూడా లేదు. హక్కు లేని ఆస్తిని కాపాడటం, అధికారం లేని సేవను నడిపించుకోవడం దాని రోజువారీ పని. ఈ సంస్థ బలాబలాలు రెండూ ఇక్కడి నుంచే వస్తాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో నియమితులైన వార్డు వాలంటీర్లు వేరే వ్యవస్థ. వాళ్లు ప్రభుత్వం నుంచి నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం తీసుకుని, తమకు కేటాయించిన ఇళ్లకు పింఛన్లు, పథకాలు అందించినవారు. కాలనీ ఉమ్మడి స్థలాల నిర్వహణ వాళ్ల పని కాదు (చూ. వార్డు సచివాలయం). పేదల బస్తీల్లో పనిచేసే మహిళా స్వయం సహాయక సంఘాలు, వాటి సమాఖ్యలు కూడా ఈ నిర్వచనంలోకి రావు. కొన్ని చోట్ల పార్కుల నిర్వహణ వాటికి అప్పగించడం వల్ల రెండింటి పనులూ కలిసిపోయినట్లు కనిపిస్తాయి.

చరిత్ర

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తిన తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి మండలిని స్థాపించింది. ఇరుకు బస్తీల స్థానంలో రోడ్లు, ఖాళీ స్థలాలతో ప్రణాళిక ప్రకారం ఇళ్ల సముదాయాలు కట్టే పద్ధతి నగరంలో దీనితో వేళ్లూనుకుంది. స్వాతంత్ర్యానంతరం ఆ బాధ్యతను హౌసింగ్ బోర్డు తీసుకుంది. సంజీవరెడ్డి నగర్, కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ఆ దారిలో వచ్చినవే. విశాఖపట్నంలో ఇదే పనిని పట్టణాభివృద్ధి సంస్థ వుడా చేసింది. మువ్వలవానిపాలెం గ్రామం పేరు మీద ఏర్పడిన ఎంవీపీ కాలనీ దాని పెద్ద లేఅవుట్లలో ఒకటి.

నేటి సంఘాలకు అసలు మూలం ఉద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘాల్లో ఉంది. 1960ల నుంచి హైదరాబాద్ చుట్టూ ఈసీఐఎల్, బీహెచ్ఈఎల్, హెచ్ఎంటీ, ఐడీపీఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు వెలిశాయి. వాటి ఉద్యోగులు, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులు, మాజీ సైనికులు సహకార సంఘాలుగా ఏర్పడి శివారు గ్రామాల్లో భూమి కొని ప్లాట్లు పంచుకున్నారు. సైనిక్‌పురి, వనస్థలిపురం ఇలా పెరిగినవే. ఈసీఐఎల్ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు పేరు పెట్టుకున్న ఎ.ఎస్. రావు నగర్ కూడా ఆ కోవలోనిదే. అప్పట్లో ఈ ప్రాంతాలు నగర పాలక సంస్థ పరిధిలో లేవు. గ్రామ పంచాయతీకి రోడ్డు వేసే స్తోమత లేదు, నగరానికి ఆ బాధ్యత లేదు. బోరు వేయడం, వీధికి దీపం పెట్టించడం, బస్సు రప్పించడం అన్నీ కాలనీవాసులే చూసుకోవాల్సి వచ్చింది. స్థలాలు పంచడంతో సహకార సంఘం పని దాదాపు ముగిసేది. దాని సభ్యులే సంక్షేమ సంఘం పేరుతో మళ్లీ నమోదు చేయించుకునేవారు.

ఇదే కాలంలో బస్తీల్లో మరో ప్రయోగం నడిచింది. 1967లో హైదరాబాద్‌లో పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలైంది. బస్తీవాసులను కమిటీలుగా కూడగట్టి, వాళ్ల శ్రమ, చందా కలిపి సౌకర్యాలు కల్పించడం దీని పద్ధతి. కాలనీ సంఘాలు, బస్తీ కమిటీలు ఒకే నగరంలో పక్కపక్కనే పెరిగినా ఎప్పుడూ ఒకటి కాలేదు.

1990లలో ప్రభుత్వమే సంఘాల వైపు చూసింది. అప్పటి హైదరాబాద్ నగర పాలక సంస్థ ఇంటింటి చెత్త సేకరణకు మూడు చక్రాల రిక్షాలను కాలనీ సంఘాలకు ఇచ్చింది. మనిషిని పెట్టుకోవడం, ఇంటికింతని వసూలు చేయడం సంఘం వంతు. 1997 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన జన్మభూమి కార్యక్రమంలో ప్రజల వాటా చెల్లిస్తే రోడ్డు, డ్రైను పనులు మంజూరయ్యేవి. ఆ వాటా పోగుచేసి కట్టడానికి బ్యాంకు ఖాతా, రసీదు పుస్తకం ఉన్న సంస్థ కావాలి. అంతవరకు పేరుకే ఉన్న అనేక సంఘాలు ఆ అవసరంతో నమోదయ్యాయి.

2007 ఏప్రిల్ 16న హైదరాబాద్ నగర పాలక సంస్థలో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు కలిసి మహానగర పాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఏర్పడింది. ఎల్.బి. నగర్, ఉప్పల్ కలాన్, మల్కాజిగిరి, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్ ఆ 12లోవి. శివారు కాలనీవాసికి అంతకుముందు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మున్సిపల్ కార్యాలయం సర్కిల్ కార్యాలయంగా మారింది, నిర్ణయాధికారం నగరం నడిబొడ్డుకు వెళ్లింది. విలీనం తర్వాత సంఘాల పని తగ్గుతుందనుకున్నారు. అర్జీలు రాసే పని మాత్రం పెరిగింది.

రకాలు

ప్లాట్ల కాలనీ సంఘం అన్నిటికంటే పాతది. విడి ఇళ్లు, తెరిచి ఉన్న వీధులు, పురపాలక సంస్థకు అప్పగించిన రోడ్లు దీని లక్షణాలు. సభ్యత్వం ఐచ్ఛికం కాబట్టి చందా ఇవ్వని ఇంటికి కూడా వీధి దీపం వెలుగుతుంది.

అపార్ట్‌మెంట్ యజమానుల సంఘంలో పరిస్థితి వేరు. లిఫ్టు, జనరేటర్, బోరు, నీటి ట్యాంకు, మెట్లు అన్నీ ఉమ్మడి ఆస్తి. నెలవారీ మెయింటెనెన్స్ తప్పనిసరి. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఈ సంఘాలకు ఆధారం. గేటెడ్ కమ్యూనిటీలో రోడ్లు, మురుగు శుద్ధి కేంద్రం, క్లబ్‌హౌస్ కూడా ప్రహరీ లోపలే ఉంటాయి. అక్కడ సంఘం చిన్న పురపాలక సంస్థలా పనిచేస్తుంది, రోజువారీ నిర్వహణను తరచూ ప్రైవేటు ఏజెన్సీకి అప్పగిస్తుంది (చూ. గేటెడ్ కమ్యూనిటీ).

ఒకే పనికి ఏర్పడే బృందాలు నాలుగో రకం. చెరువు పరిరక్షణ బృందాలు, పార్కుల వాకర్స్ అసోసియేషన్లు, సీనియర్ సిటిజన్ల సంఘాలు వీటిలో చెప్పుకోదగ్గవి. ఇవి ఒక కాలనీ హద్దులకు లోబడవు. చెరువు చుట్టూ ఉన్న పది కాలనీల నుంచి మనుషులు వస్తారు.

చట్టబద్ధ స్వరూపం

కాలనీ సంఘాల్లో అత్యధికం సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. 2001కి ముందు ఉమ్మడి రాష్ట్రంలో రెండు చట్టాలు అమల్లో ఉండేవి. కోస్తా, రాయలసీమల్లో 1860 నాటి కేంద్ర చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1350 ఫస్లీ నాటి చట్టం. వీటి స్థానంలో 2001లో ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. విభజన తర్వాత తెలంగాణ దాన్ని అన్వయించుకుంది. నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు, ఆశయ పత్రం, బైలాలు కావాలి. కార్యవర్గ వివరాలు ఏటా రిజిస్ట్రార్‌కు అందజేయాలి. కార్యవర్గంలో వివాదం వస్తే రిజిస్ట్రార్ తీర్పు చెప్పడు. మధ్యవర్తిత్వమో, జిల్లా కోర్టో దారి. కొన్ని అపార్ట్‌మెంట్ సంఘాలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి.

2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) కొత్త ప్రాజెక్టుల్లో సంఘం ఏర్పాటును బిల్డర్ బాధ్యతగా చేసింది. స్థానిక చట్టాల్లో వేరే నిబంధన లేనప్పుడు, మెజారిటీ యూనిట్లు బుక్ అయిన మూడు నెలల్లోగా కొనుగోలుదారుల సంఘం ఏర్పడాలి.

పన్ను విషయంలో, సభ్యుడి నెల చందా 7,500 రూపాయలు దాటి, సంఘం వార్షిక వసూళ్లు 20 లక్షల రూపాయలు మించితే వస్తు సేవల పన్ను వర్తిస్తుంది. సాధారణ ప్లాట్ల కాలనీకి ఈ పరిమితి దరిదాపుల్లోకి కూడా రాదు.

నిర్మాణం, నిధులు

అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, ప్రధాన కార్యదర్శి, సంయుక్త కార్యదర్శి, కోశాధికారి, కొందరు కార్యవర్గ సభ్యులు ఉండటం మామూలు నమూనా. కొన్ని చోట్ల వీధికి ఒకరిని ప్రతినిధిగా తీసుకుంటారు. పదవీకాలం సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లు. ఏటా సర్వసభ్య సమావేశంలో జమాఖర్చులు చదివి ఆమోదం తీసుకోవాలి. ఎన్నికలు ఏకగ్రీవం కావడం ఎక్కువ. పోటీ లేక కొంత, పదవి తీసుకోవడానికే ఎవరూ ముందుకు రాక చాలావరకు.

బాధ్యతలు మోసేవాళ్లలో విశ్రాంత ఉద్యోగుల వాటా పెద్దది. పగటిపూట కాలనీలో ఉండటం, ఆఫీసు కాగితం రాయడం తెలిసి ఉండటం, ఏ ఫైలు ఏ టేబుల్ మీద ఆగుతుందో గ్రహించగలగడం దీనికి కారణాలు. యువత పాత్ర వాట్సాప్ గ్రూపులు, ఫిర్యాదుల యాప్‌లు వచ్చాక పెరిగింది. మహిళలు ముగ్గుల పోటీలు, బతుకమ్మ, చెత్త వేరుచేయడం వంటి పనుల్లో ముందుంటారు. అధ్యక్ష, కార్యదర్శి పదవుల్లో మాత్రం తక్కువగా కనిపిస్తారు.

ఆదాయానికి సభ్యత్వ రుసుము, నెల లేదా ఏటా చందా, ప్రత్యేక పనికి ప్రత్యేక వసూలు, కమ్యూనిటీ హాలు అద్దె, దాతల విరాళాలు ఆధారం. పండుగ చందాను సంఘం ఖాతాలో కలపాలా, విడిగా పెట్టాలా అన్నది దాదాపు ప్రతి కాలనీలో ఏదో ఒక ఏడాది చర్చకు వస్తుంది. వినాయక మంటపం లెక్కలు కలిసిన చోట ఆడిట్ చిక్కుపడటం వల్ల చాలా సంఘాలు ఉత్సవ కమిటీని వేరుగా ఉంచుతున్నాయి.

పనితీరు

పార్కులు, ఖాళీ స్థలాలు

సంఘం చేసే పనుల్లో దీర్ఘకాలిక ప్రభావం ఉన్నది ఇదే కాబట్టి వివరంగా చెప్పుకోవాలి. లేఅవుట్ అనుమతి నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో సాధారణంగా 10 శాతం ఖాళీ స్థలంగా వదలాలి. రోడ్లతో పాటు ఆ స్థలాన్ని రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. పాత గ్రామ పంచాయతీ లేఅవుట్లలో ఈ గిఫ్ట్ డీడ్ చాలాచోట్ల జరగలేదు. కాగితం మీద పార్కు అని గీసిన స్థలం రెవెన్యూ రికార్డుల్లో పాత పట్టాదారు పేరు మీదే మిగిలిపోయింది.

ఆక్రమణ ఒక్క రాత్రిలో జరగదు. మొదట ఎవరో ఇటుకలు దించుతారు, తర్వాత రేకుల గది వస్తుంది. దానికి కరెంటు మీటరు, ఇంటి నంబరు, ఆస్తిపన్ను రసీదు తోడవుతాయి. సవరించిన లేఅవుట్ అంటూ కొత్త నక్షా బయటికి తీసి పార్కు స్థలాన్ని ప్లాట్ నంబర్లతో అమ్మేయడం ఇంకో పద్ధతి. కొన్నవాళ్లకు అది పార్కని తెలియకపోవచ్చు, అప్పుడు వివాదం ఇద్దరు బాధితుల మధ్య నడుస్తుంది.

దీన్ని ఎదుర్కోవడానికి సంఘాలు అనుసరించే క్రమం దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఆమోదిత లేఅవుట్ ధ్రువీకృత నకలు, మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు వివరం, గిఫ్ట్ డీడ్ ఉంటే దాని ప్రతి సంపాదిస్తారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం వచ్చాక ఈ కాగితాలు దొరకడం సులువైంది. స్థలం చుట్టూ కంచె వేసి, బోర్డు పెట్టి, మొక్కలు నాటి, నడక దారి వేసి దాన్ని వాడుకలోకి తెస్తారు. ఖాళీగా పడి ఉన్న పార్కు కంటే పిల్లలు ఆడుకుంటున్న పార్కును ఆక్రమించడం కష్టం. ఆ తర్వాతే ఫిర్యాదు, కోర్టు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం ఏర్పాటు చేసిన హైడ్రా సంస్థ, చెరువులు, పార్కుల ఆక్రమణలపై ఫిర్యాదులు తీసుకుంటోంది. అది సోమవారం నిర్వహించే ప్రజావాణికి వచ్చే అర్జీల్లో కాలనీల పార్కులు, రోడ్లకు సంబంధించినవి ఎక్కువగా కనిపిస్తాయి.

సంఘాలే ఖాళీ స్థలం స్వభావాన్ని మార్చిన సందర్భాలూ ఉన్నాయి. పార్కులో కొంత భాగంలో గుడి, కమ్యూనిటీ హాలు, వాచ్‌మన్ గది, నీటి ట్యాంకు కట్టడం మామూలైంది. ఉద్దేశం మంచిదే అయినా చట్టం దృష్టిలో పార్కు స్థలాన్ని మరో వాడకానికి మళ్లించడం రెండు సందర్భాల్లోనూ ఒకటే.

నీరు, డ్రైనేజీ

హైదరాబాద్‌లో మంచినీరు, మురుగునీటి వ్యవస్థ 1989లో ఏర్పడిన జలమండలి చేతిలో ఉన్నాయి. చాలా శివారు కాలనీల్లో నల్లా నీరు రోజు విడిచి రోజు వస్తుంది. చివరి వీధికి నీటి ఒత్తిడి చాలడం లేదనీ, లైన్‌మన్ వాల్వు సమయానికి తిప్పలేదనీ, కలుషిత నీరు వస్తోందనీ ఫిర్యాదు చేయడం సంఘం నిత్యకృత్యం. వేసవిలో ట్యాంకర్ల కేటాయింపు ఇంకో తలనొప్పి. నెలకు 20,000 లీటర్ల వరకు ఉచిత నీటి పథకం వచ్చాక మీటర్లు పెట్టించడం, ఆధార్ అనుసంధానం వంటి పనుల్లో సంఘాలు ఇంటింటికీ తిరిగాయి.

డ్రైనేజీ కథ మరింత జటిలం. పంచాయతీల కాలంలో వేసిన సన్నని పైపుల మీద తర్వాత అపార్ట్‌మెంట్ల భారం పడింది. వాననీటి కాలువ, మురుగు లైను వేర్వేరుగా ఉండాల్సిన చోట రెండూ కలిసిపోయాయి. గట్టి వాన కురిస్తే మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. వాననీటి కాలువ పురపాలక సంస్థది, మురుగు లైను జలమండలిది. పొంగేది ఏదో తేల్చేలోపు రెండు కార్యాలయాల చుట్టూ తిరగడం కార్యదర్శి వంతు. పొంగిన మ్యాన్‌హోల్‌లోకి కాలనీ తరఫున మనిషిని దింపడం, చేతులతో మురుగు శుభ్రం చేయించడాన్ని నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం నేరం. యంత్రాన్ని రప్పించాల్సిందే.

చెత్త

2015లో హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి, ఇళ్లకు ఆకుపచ్చ, నీలం బుట్టలు పంచారు. దాంతో సంఘాల రిక్షాలు చాలాచోట్ల ఆగిపోయాయి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు నివాసుల సంఘాలను నేరుగా ప్రస్తావించాయి. ఏడాదిలోగా తడి, పొడి చెత్త మూలంలోనే వేరయ్యేలా స్థానిక సంస్థతో కలిసి సంఘాలు చూడాలనీ, తడి చెత్తను వీలైనంతవరకు ఆవరణలోనే ఎరువుగానో, గ్యాస్‌గానో మార్చాలనీ నిర్దేశించాయి. 5,000 చదరపు మీటర్లు మించిన గేటెడ్ కమ్యూనిటీలకూ ఆ నియమాలు ఇదే బాధ్యత పెట్టాయి. ఆచరణలో, నిర్వహణ సిబ్బంది ఉన్న గేటెడ్ కమ్యూనిటీల్లో ఇది కొంత సాగింది. ఖాళీ ప్లాటు చెత్తకుప్పగా మారే విడి ఇళ్ల కాలనీల్లో సాగింది తక్కువ. ఆ ఖాళీ ప్లాటు యజమాని తరచూ వేరే ఊళ్లోనో, వేరే దేశంలోనో ఉంటాడు. అతని జాడ కనుక్కుని ప్లాటు శుభ్రం చేయించడం సంఘం పనుల్లో ఎవరికీ కనిపించని భాగం.

భద్రత, వీధి జంతువులు

2013 నాటి ప్రజా భద్రత చట్టం జనం గుమికూడే సంస్థల్లో సీసీ కెమెరాలను తప్పనిసరి చేసింది. హైదరాబాద్ పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీలు చందాలతో కెమెరాలు పెట్టుకునేలా ప్రోత్సహించారు. కొన్న రోజు అన్నీ పనిచేస్తాయి, మరమ్మతు ఖర్చు ఎవరిదన్న ప్రశ్న రెండో ఏడాది వస్తుంది.

వీధి కుక్కల విషయంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు, కాలనీలో ఉండే జంతువులకు ఆహారం పెట్టే చోటు, వేళ నిర్ణయించే ఏర్పాటు నివాసుల సంఘం చేయాలన్నాయి. కుక్కకాటు భయం ఒకవైపు, జంతుప్రేమికుల ఆవేదన మరోవైపు ఉండటంతో కాలనీ సమావేశాల్లో ఇంతగా గొడవ జరిగే అంశం ఈ మధ్య ఇంకోటి లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు వార్డుల్లో ఆహారం పెట్టే స్థలాలను పురపాలక సంస్థలే గుర్తించాలని ఆదేశించింది.

విపత్తుల వేళ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకాక రోడ్లకు అడ్డంగా పడిన చెట్లను అనేక కాలనీల్లో నివాసులే ముందుగా తొలగించుకున్నారు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన భారీ వర్షాలకు చెరువుల దిగువ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతాన్ని ముంచింది. ఇలాంటప్పుడు ఏ ఇంట్లో మంచం పట్టిన వృద్ధులున్నారు, ఎవరి కింది అంతస్తు మునిగింది, ఎక్కడ గర్భిణి ఉంది అన్న సమాచారం సహాయక బృందాలకు ఇవ్వగలిగేది స్థానికులే. కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో సరుకులు, మందులు చేర్చడంలో సంఘాలు ఉపయోగపడ్డాయి. అదే కాలంలో గేట్లు మూసి ఇంటిపనివాళ్లను, చిరువ్యాపారులను ఆపేసి విమర్శలూ ఎదుర్కొన్నాయి.

పురపాలక వ్యవస్థతో సంబంధం

రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డుల కమిటీలు ఏర్పాటు చేయాలంటుంది. 2005 డిసెంబరులో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం, నిధులు కావాలంటే ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలని రాష్ట్రాలకు షరతు పెట్టింది. జీహెచ్ఎంసీకి బయట వర్తించే తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019, ప్రతి వార్డులో యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలని నిర్దేశించింది. ఈ ఏర్పాట్లలో కాలనీ సంఘానికి సంస్థగా ప్రత్యేక హోదా ఏదీ లేదు. దాని సభ్యులు వ్యక్తులుగా కమిటీల్లో చేరవచ్చు. వార్డు కమిటీలు చాలాచోట్ల కాగితానికే పరిమితం కావడంతో, చట్టం గుర్తించిన కమిటీ ఖాళీగా, చట్టం గుర్తించని సంఘం చురుగ్గా ఉండే పరిస్థితి ఏర్పడింది (చూ. వార్డు కమిటీ, ఏరియా సభ).

అందువల్ల సంబంధం ఎక్కువగా వ్యక్తుల మీద నడుస్తుంది. అసిస్టెంట్ ఇంజినీరు, శానిటరీ జవాన్, జలమండలి మేనేజర్, కార్పొరేటర్, ఎమ్మెల్యే కాలనీ సంఘానికి తెలిసిన ప్రభుత్వం. అధికారి బదిలీ అయితే అర్జీ మళ్లీ మొదటికి వస్తుంది. ఎన్నికల వేళ అభ్యర్థులు సంఘాలతో సమావేశాలు పెడతారు, రోడ్డు వేయకపోతే ఓటు లేదంటూ బ్యానర్లూ కనిపిస్తాయి. ఆ బెదిరింపుకు బలం ఎంతన్నది వేరే విషయం. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ సుమారు 46 శాతమే.

ఒంటరి అర్జీకి విలువ తక్కువని గ్రహించి సంఘాలు సమాఖ్యలుగా ఏర్పడ్డాయి. హైదరాబాద్‌లో యూ-ఫెర్వాస్, సికింద్రాబాద్ ఈశాన్య కాలనీల సమాఖ్య వాటిలో కొన్ని. ఆస్తిపన్ను, నీటి చార్జీలు, రైల్వే వంతెనలు, చెరువుల వంటి కాలనీ హద్దులు దాటిన విషయాలను ఇవి చేపడతాయి.

న్యాయస్థానాల్లో

1980 నాటి రత్లాం మున్సిపాలిటీ కేసు ఈ రంగంలో మూల తీర్పు. మధ్యప్రదేశ్‌లోని ఆ పట్టణంలో ఒక వార్డు నివాసులు మురుగుకాలువల దుస్థితిపై మెజిస్ట్రేట్‌ను ఆశ్రయించగా, నిధులు లేవన్న సాకుతో పురపాలక సంస్థ విధి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ దీనికి ఆధారం. ప్రస్తుత నాగరిక్ సురక్షా సంహితలో దానికి సమానమైనది 152వ సెక్షన్.

హైదరాబాద్‌కు సంబంధించి 1987లో వచ్చిన టి. దామోదరరావు కేసు ముఖ్యం. మాస్టర్ ప్లాన్‌లో వినోద స్థలంగా గుర్తించిన భూమిలో జీవిత బీమా సంస్థ, ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టడానికి వీల్లేదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పునిచ్చింది. పరిశుభ్ర పర్యావరణాన్ని జీవించే హక్కుతో ముడిపెట్టిన తొలి తీర్పుల్లో ఇది ఒకటి. 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ప్రాంత నివాసులకు కేసు వేసే అర్హత ఉందని స్పష్టం చేసింది. పార్కుల కోసం కోర్టుకెళ్లే కాలనీ సంఘాలు నేటికీ ఈ తీర్పును ఉదహరిస్తుంటాయి.

విమర్శలు

మొదటి విమర్శ ప్రాతినిధ్యం గురించి. ఓటు హక్కు సాధారణంగా ఇంటి యజమానిదే. అద్దెకుండేవాళ్లు చందా ఇచ్చినా సమావేశంలో ప్రేక్షకులే. శివారు కాలనీల్లో అద్దె ఇళ్ల వాటా పెరిగేకొద్దీ, కాలనీలో ఉండని యజమానులకు ఓటు, ఉండేవాళ్లకు లేకపోవడం అన్న వైరుధ్యం పెరుగుతోంది. పెళ్లికాని యువకులకు ఇళ్లు ఇవ్వవద్దన్న తీర్మానాలు, డెలివరీ బాయ్‌లు లిఫ్టు వాడొద్దన్న బోర్డులు వివాదాస్పదమయ్యాయి. వీటికి చట్టబలం సందేహాస్పదం.

రెండోది సమానత్వానికి సంబంధించినది. ఇంగ్లిష్‌లో అర్జీ రాయగల కాలనీకి రోడ్డు ముందు వస్తే, పక్కనున్న బస్తీకి వెనక పడుతుందన్నది పట్టణ పరిశోధకుల వాదన. ఉమ్మడి స్థలం నుంచి తోపుడుబండ్లను తొలగించమని కోరడం ఒకరికి పరిశుభ్రత, మరొకరికి బతుకుతెరువు పోవడం. చెరువు చుట్టూ నడక దారి కోసం ఉద్యమించిన కాలనీయే ఒకప్పుడు ఆ చెరువు శిఖం భూమిలో వెలిసి ఉండటమూ కొత్తేమీ కాదు.

మూడో విమర్శ లోపలి నుంచి వచ్చేది. ఏళ్ల తరబడి ఒకే కార్యవర్గం, ఆడిట్ లేని లెక్కలు, రెండు వర్గాలుగా చీలి ఒకే కాలనీకి రెండు సంఘాలు నమోదవడం తరచూ కనిపిస్తాయి. స్వచ్ఛంద సేవ కాబట్టి లెక్క అడగడం మర్యాద కాదన్న భావన దీనికి కొంత కారణం. పురపాలక సంస్థ చేయాల్సిన పనిని సంఘం చేస్తూ పోతే సంస్థ తన బాధ్యత నుంచి తప్పుకుంటుందన్న వాదన కూడా ఉంది. ఆస్తిపన్ను కట్టి, పైన చందా కట్టడం రెండుసార్లు చెల్లించడమేనన్నది అలా వాదించేవాళ్ల మాట.

ఇతర ప్రాంతాల్లో

చెన్నైలో 1989లో ఎం.బి. నిర్మల్ స్థాపించిన ఎక్స్‌నోరా వీధి స్థాయిలో చెత్త సేకరణకు ప్రసిద్ధి. ముంబయి నగర పాలక సంస్థ 1997లో ఘాట్‌కోపర్ జోషీ లేన్‌లో మొదలైన అలాంటి నమూనాను ఇతర ప్రాంతాలకు విస్తరించింది. ఢిల్లీలో 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం భాగీదారీ పథకం ద్వారా నివాసుల సంఘాలకు అధికారులతో నేరుగా కూర్చునే వేదిక కల్పించింది. జపాన్‌లో వీధి సంఘాలకు సుదీర్ఘ చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధానంతరం ఆక్రమణ ప్రభుత్వం 1947లో వాటిని నిషేధించగా, ఆక్రమణ ముగిసిన 1952 తర్వాత మళ్లీ వచ్చాయి. సింగపూర్‌లో 1978 నుంచి ప్రభుత్వ గృహ సముదాయాల్లో నివాసుల కమిటీలు ప్రభుత్వ అనుబంధంగా పనిచేస్తున్నాయి. ఢిల్లీ భాగీదారీ వంటి అధికారిక వేదిక తెలుగు రాష్ట్రాల్లో కాలనీ సంఘాలకు ఇప్పటివరకు ఏర్పడలేదు.